ఈ20 పెట్రోల్‌తో మైలేజ్ తగ్గుతోందా? నూజివీడు మామిడి రైతు పాత కారుపై పడే భారం ఎంతంటే..

మామిడి సీజన్ మొదలైందంటే నూజివీడు వైపు కార్లకు తీరిక ఉండదు. పొద్దున్నే తోటకు, అక్కడి నుంచి నున్న మార్కెట్‌కు, మళ్లీ ఇంటికి. ఇలా తిరిగే పాత పెట్రోల్ కార్ల ఓనర్లలో ఇప్పుడు ఒకటే చర్చ.. బండి మునుపటంత మైలేజ్ ఇవ్వడం లేదని. ఇది అనుమానం కాదు, నిజమే. కాకపోతే ఎంత తగ్గిందన్న దగ్గరే అసలు గొడవ.

బంకుల్లో ఇప్పుడు పోస్తున్నది ఈ20. అంటే లీటరులో 20 శాతం ఇథనాల్. ఇథనాల్‌లో శక్తి పెట్రోల్ కంటే దాదాపు మూడో వంతు తక్కువ. ఆ లెక్కన చూస్తే లీటరు మొత్తం మీద 6-7 శాతం లోటు పడుతుంది. 2021లో నీతి ఆయోగ్ నివేదిక కూడా పాత డిజైన్ కార్లకు ఇదే అంకె చెప్పింది. 2025 ఆగస్టులో కేంద్ర పెట్రోలియం శాఖ మాత్రం ఈ20కి ట్యూన్ చేసిన కార్లలో 1-2 శాతం, మిగతా వాటిలో 3-6 శాతం తగ్గొచ్చని తెలిపింది.

జేబు లెక్క చూద్దాం. లీటరుకు 18 కిలోమీటర్లు ఇచ్చే కారు, 6 శాతం తగ్గితే 17 లోపే ఇస్తుంది. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగితే అదనంగా మూడున్నర లీటర్లు పోయించాలి. లీటరు 110 రూపాయలు అనుకుంటే దాదాపు 390 రూపాయలు. మైలేజ్ సగానికి పడిపోయిందనే మాటలను నమ్మక్కర్లేదు. డిక్కీ నిండా మామిడి ట్రేలు, ఏసీ ఫుల్, టైర్లలో గాలి అంతంతమాత్రం.. తప్పంతా ఇథనాల్‌పై వేస్తే ఎలా?

అయితే ఓనర్ల కోపంలో న్యాయం లేకపోలేదు. శక్తి తగ్గినందుకు ఇలాంటి ఇంధనం ధర తక్కువ ఉండాలని ఆ నీతి ఆయోగ్ నివేదికే సూచించింది. బంకులో రేటు మాత్రం దిగలేదు. మొక్కజొన్న ఇథనాల్‌నే లీటరు 71.86 రూపాయలకు కొంటున్నామని, అది చవకేమీ కాదని సర్కారు వాదన. ఇక్కడే ఓ తిరకాసు ఉంది. నూజివీడు, చాట్రాయి, ముసునూరు వైపు మామిడితో పాటు మొక్కజొన్న కూడా పండుతుంది. మొక్కజొన్నకు గిరాకీ పెరిగితే రైతుగా లాభం.. అదే రైతు కారు ఓనర్‌గా బంకులో కాస్త ఎక్కువ కట్టాలి!

పికప్ మాటేమిటి? ఇథనాల్‌తో ఆక్టేన్ పెరుగుతుంది. దానికి తగ్గట్టు ట్యూన్ చేసిన ఇంజిన్‌కు అది ప్లస్సే. పాత ఇంజిన్‌కు పెద్దగా ఒరిగేదేం లేదు. అందుకే కారు ప్రియులు ఇప్పటికీ 1.3 లీటర్ డీజిల్ స్విఫ్ట్‌ను తలచుకుంటారు. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 రావడంతో మారుతి డీజిల్ కార్లకు స్వస్తి చెప్పింది. తోట దారుల్లో లోడుతో లాగడానికి ఆ ఇంజిన్ తీరే వేరు.

మీ కారు సంగతి తెలుసుకోవాలంటే పెట్రోల్ మూత దగ్గర ఈ20 స్టిక్కర్ ఉందో లేదో చూడండి. 2023 ఏప్రిల్ తర్వాత తయారైన కార్లు ఈ20ని తట్టుకునే భాగాలతోనే వస్తున్నాయి. అంతకంటే పాతవైతే 20-30 వేల కిలోమీటర్ల తర్వాత కొన్ని రబ్బరు భాగాలు, గ్యాస్కెట్లు మార్చాల్సి రావొచ్చని పెట్రోలియం శాఖే చెప్పింది. సర్వీసింగ్‌లో ఫ్యూయల్ పైపులు చూడమని అడగండి.

సీజన్ అయ్యాక కారును నెలల తరబడి షెడ్డులో వదిలేసే వాళ్లు మరింత జాగ్రత్త. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. నీరు ఎక్కువైతే ట్యాంకు అడుగున వేరుపడి స్టార్టింగ్ ట్రబుల్ వస్తుంది. అప్పుడప్పుడు బయటకు తీసి నాలుగు కిలోమీటర్లు తిప్పండి.

మైలేజ్ కొలవడానికి డిస్‌ప్లే అంకెను నమ్ముకోవద్దు. ట్యాంకు ఫుల్ చేయించి రీడింగ్ రాసుకోండి. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక అదే బంకులో మళ్లీ ఫుల్ చేయించి, తిరిగిన దూరాన్ని పోసిన లీటర్లతో భాగించండి. ఇలా మూడుసార్లు చేస్తే మీ బండి అసలు లెక్క తేలిపోతుంది.