ఎర్రగడ్డ: మానసిక వైద్యశాల, ఆసరా గృహాలు

ఎర్రగడ్డ హైదరాబాద్‌లో సనత్‌నగర్, బోరబండల పక్కనున్న ప్రాంతం. జూబ్లీహిల్స్ శాసనసభ నియోజకవర్గంలోకి వస్తుంది. ఇక్కడి ప్రభుత్వ మానసిక వైద్యశాల మూలంగా ఈ పేరు తెలుగునాట ఎగతాళి మాటగా స్థిరపడింది. కాస్త దూరంలోని ఫిల్మ్‌నగర్‌లో పుట్టిన హాస్య సన్నివేశాలకు అందులో వాటా ఉంది. ఆసుపత్రి చరిత్ర మాత్రం నవ్వించేది కాదు.

నిజాం కాలంలో హైదరాబాద్ రాజ్యపు మానసిక రోగులను ఉంచింది జాల్నాలో, అంటే నేటి మహారాష్ట్రలో. ఆ ఆసుపత్రి 1953లో ఎర్రగడ్డకు వచ్చింది. అప్పటికి ఇది ఊరికి దూరం. నవాబ్ ఫక్రుల్ ముల్క్ కట్టించిన ఇర్రంనుమా భవనంలో నడిచిన ఛాతీ ఆసుపత్రి కూడా ఈ చుట్టుపక్కలదే. క్షయ, మతిభ్రమణం రెంటినీ జనావాసాలకు ఎడంగా ఉంచాలన్నది ఆ రోజుల ఆలోచన. తర్వాత నగరమే పెరిగి వాటిని చుట్టేసింది. 2017 నవంబరులో మెట్రో రైలు కూడా వచ్చింది.

ఇక్కడొక కాకతాళీయం ఉంది. జాల్నా నుంచి ఆసుపత్రి తరలడానికి ఏడాది ముందే, 1952లో, పారిస్ వైద్యులు క్లోర్‌ప్రొమజీన్ మందును మానసిక రోగులపై వాడి ఫలితం చూశారు. ఏళ్ల తరబడి బంధించి ఉంచాల్సిన అవసరం చాలామందికి తప్పించిన మందు అది. అయినా మన దేశంలో 1912 నాటి లూనసీ చట్టమే 1993 దాకా నడిచింది. ఆ ఏడాదే 1987 నాటి మానసిక ఆరోగ్య చట్టం అమల్లోకి వచ్చింది. చేర్చడానికి మేజిస్ట్రేటు ఉత్తర్వు ఉండేది గానీ, కోలుకున్నాక ఎక్కడికి పంపాలో ఏ చట్టమూ సరిగా చెప్పలేదు.

ఉస్మానియా వైద్య కళాశాలకు అనుబంధంగా, 600 పడకలతో నడుస్తూ వచ్చిన ఈ సంస్థకు అసలు చిక్కు అక్కడే. రైల్వే స్టేషన్లలో, రోడ్ల మీద తిరుగుతుంటే పోలీసులు తెచ్చిన వారిలో కొందరు వేరే రాష్ట్రాల వారు. భాష తెలియదు, చిరునామా చెప్పలేరు. సొంతవాళ్లు చేర్చిన వారి గతీ ఒక్కోసారి అంతే. ఇచ్చిన చిరునామాలో మనుషులు ఉండరు, ఉన్నా ఆస్తి వాటా దగ్గరో, ఇంట్లో పిల్లల పెళ్లి సంబంధాల దగ్గరో తలుపు మూసుకుంటుంది. జబ్బు తగ్గినా పడక ఖాళీ కాదు. ఇది ఎర్రగడ్డకే పరిమితం కాదు, విశాఖ చినవాల్తేరు ఆసుపత్రిదీ ఇదే బాధ.

2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో గొలుసులతో కట్టేసిన 28 మంది మానసిక రోగులు మంటల్లో చనిపోయాక సుప్రీంకోర్టు జోక్యం చేసుకుంది. 2017లో గౌరవ్ కుమార్ బన్సల్ కేసులో, నయమైనా ఆసుపత్రుల్లోనే మిగిలిన వారి పునరావాసంపై ఆదేశాలిచ్చింది. అదే ఏడాది వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. కుటుంబం లేదనో, ఇల్లు లేదనో ఎవరినీ ఆసుపత్రిలో ఉంచేయకూడదని దాని 19వ సెక్షన్ అంటుంది. హాఫ్‌వే హోమ్‌లు, గ్రూప్ హోమ్‌ల వంటి ఆసరా గృహాలు ఏర్పాటు చేసే బాధ్యత ప్రభుత్వాలదే.

ఆచరణలో అవి ఎలా ఉండాలో చెన్నై చూపించింది. అక్కడి 'ది బన్యన్' సంస్థ 2015లో 'హోమ్ ఎగైన్' మొదలుపెట్టింది. ఏళ్లుగా ఆసుపత్రిలో ఉండిపోయిన మహిళలు కొందరు కలిసి మామూలు వీధిలో అద్దె ఇంట్లో ఉంటారు. వండుకుంటారు, బజారుకు వెళ్తారు, తోడుగా ఒక సహాయకురాలు ఉంటుంది. పెద్ద భవనాలు అక్కర్లేని పద్ధతి. హైదరాబాద్‌లో మాత్రం ఎర్రగడ్డ భూముల చర్చ ఎక్కువగా భవనాల చుట్టూనే తిరిగింది. 2015లో ఛాతీ ఆసుపత్రి స్థలానికి సచివాలయాన్ని తరలించాలని తలపెట్టి విరమించారు. 2022 ఏప్రిల్‌లో అక్కడే టిమ్స్ ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది. కోలుకున్నవారికి వీధిలో నాలుగు అద్దె ఇళ్లు చూడటం వీటికంటే ఎన్నో రెట్లు చవక.

సలహా కావలసిన కుటుంబాలు కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌కు 14416 నంబరులో ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనూ మాట్లాడతారు.