భక్త ప్రహ్లాద: తెలుగు తొలి టాకీకి ఆలం ఆరాతో చుట్టరికం

తెలుగులో తొలి పూర్తి టాకీ ‘భక్త ప్రహ్లాద’. హెచ్.ఎం. రెడ్డి దర్శకుడు, అర్దేషిర్ ఇరానీ నిర్మాత. 1931 సెప్టెంబర్ 15న విడుదలైందని చాలాకాలం అనుకున్నారు. అసలు తేదీ 1932 ఫిబ్రవరి 6. 1931 మార్చి 14న వచ్చిన ‘ఆలం ఆరా’ కూడా ఇరానీదే. అంటే తెర మీద ఉర్దూకి, తెలుగుకి మాటలు వచ్చింది బొంబాయిలో ఒకే నిర్మాత చేతుల మీదుగా అన్నమాట.

రెండింటి శైలీ నాటకానిదే. ఆలం ఆరాకు పార్శీ నాటకం ఆధారం. ప్రహ్లాదకు సురభి కళాకారులు, పద్యాలు. ప్లేబ్యాక్ లేదు కాబట్టి నటులే పాడేవారు. లీలావతిగా సురభి కమలాబాయి, హిరణ్యకశిపుడిగా మునిపల్లె సుబ్బయ్య నటించారు. రెండు సినిమాల్లోనూ చిన్న వేషాలు వేసిన ఎల్.వి. ప్రసాద్ తర్వాత పెద్ద దర్శక నిర్మాత అయ్యారు.

బాధేమిటంటే, ఈ రెండు సినిమాల ప్రింట్లూ నేడు లేవు. మన ఇళ్లలో పాత పాటల పుస్తకాలు, పోస్టర్లు ఉంటే పారేయకండి.