రాచకారులోని పట్టుబట్ట

పాలమూరుకు మహబూబునగరమన్న పేరు వచ్చినది 1890లో. అది ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ పేరు. ఆ ప్రభువు 1911లో ఇంగ్లండునుండి ఒక రోల్స్‌రాయిస్ కారును తెప్పించదలచినారు. కాని ఆ యేడు ఆగస్టు 29న కాలధర్మము చెందినారు. 1912లో తయారైన ఆ కారు కుమారుడు మీర్ ఉస్మాన్ అలీఖాన్‌కు దక్కినది. లండనులోని బార్కర్ కంపెనీవారు దాని పైకట్టు నిర్మించినారు. పసుపువన్నె, గుమ్మటము వంటి కప్పు, వెనుక సింహాసనమువలె ఎత్తైన ఆసనము. హైదరాబాదు చౌమహల్లా ప్రాసాదములో నేడు దానిని చూడవచ్చును.

చూడవచ్చినవారు ఎక్కువగా ఇంజను సంగతి అడుగుతారు. మా చూపు మాత్రము లోపలి గుడ్డమీదికి పోయినది. అరిగిన ఇనుపభాగమును మరల చేయించవచ్చును, రంగు మరల వేయించవచ్చును. ఆనాటి నేత చినిగిపోయినచో, దాని స్థానములో వేసినది ఎంత సొగసైనదైనా నేటి గుడ్డయే గదా!

ఆ కాలపు పెద్ద కార్లలో ముందుసీటుకు తోలు, వెనుకసీటుకు మేలైన గుడ్డ వేసేవారు. చాలా కార్లలో డ్రైవరు ఎండకు వానకు బయటనే కూర్చుండేవాడు. ఆ తడికి ఓర్చుకొనేది తోలే. యజమాని అద్దాల గదిలో మెత్తగా కూర్చుండేవారు. తోలుసీటు గొప్పతనానికి గుర్తైనది ఆ తరువాతి కాలములో.

పట్టుకు మొదటి శత్రువు వెలుతురు. పైగా ఆనాటి విదేశీ పట్టుబట్టలలో చాలవాటికి బరువు కొరకు తగరపు లవణములు పట్టించేవారు. అట్టి బట్ట ఏండ్లు గడచేకొలది పెళుసై, తాకితే చీలికలవుతుంది. మన గద్వాల చీరెలను, పోచంపల్లి పట్టును దాచుకొనే ఇల్లాండ్రకు ఈ జాగ్రత్తలో సగము తెలిసినదే: నీడన ఆరవేయుట, నూలుగుడ్డలో చుట్టుట, అప్పుడప్పుడు మడత మార్చుట.

ఐతే చీరెకు చెల్లినది సీటుకు చెల్లదు. పాలమూరు ప్రాంతములో ఒక పాత గడిలో, కొట్టములో నిలిచిన కారును మేము చూచినాము. పండుగకు శుభ్రము చేయవలెనని ఇంటివారు కుంకుడురసముతో సీట్లు కడిగినారట. చీరెనైతే బిందెల కొలది నీళ్లలో జాడించవచ్చును. సీటు గుడ్డ మేకులతో బిగించినది. లోపల గుర్రపు వెండ్రుకలు, ఇనుప స్ప్రింగులు. నీరు లోపలికి దిగి, నలుబదియేండ్ల దుమ్మును, మేకుల తుప్పును పైకి తెచ్చినది. గోధుమరంగు చారలు తేలినవి. మా చేయి తగిలినచోట గుడ్డ పొడియై రాలినది. ఇంటి పెద్దావిడ ముఖము చూడలేకపోయినాము.

ఇట్టి గుడ్డకు నీరు తగలరాదు. సన్నని వలగుడ్డ పరచి, దానిపైనుండి దుమ్ముపీల్చే యంత్రమును మెల్లని వేగముతో నడపవలెను. వల లేనిచో పోగులు యంత్రములోనికే పోతాయి. ఇత్తడి పిడులను మెరుగుపెట్టే పూత ప్రక్కగుడ్డకు అంటినచో ఆ మరక వదలదు. పైగా రుద్దినప్పుడెల్ల లోహము కొంత అరుగుతుంది. తోలుకు కొబ్బరినూనె రాయుట మన అలవాటు. అది దుమ్మును పట్టి జిడ్డుచేస్తుంది, బూజునూ పిలుస్తుంది. లక్కమెరుగు పెట్టిన కొయ్యను స్పిరిటుతో తుడిచినచో మెరుగే కరిగిపోతుంది. కొట్టము కిటికీలకు ముదురుగుడ్డ కట్టుట ఖర్చులేని పని. దానినే అందరూ మరచిపోతారు.

ఆ గడిలో సీటును పైకెత్తి చూచినాము. మేకుల క్రింద మడచిన అంచు, నాలుగువ్రేళ్ల వెడల్పున, వెలుతురు సోకకయే మిగిలినది. పైనంతయు మట్టివన్నె; అక్కడ మాత్రము ముదురు దానిమ్మరంగు. పెద్దావిడ తన చీరె చెరగు దాని ప్రక్కన పెట్టి చాలసేపు చూచినది.