ఆకాశం నుంచి మందు చల్లి నేలను పాడు చేస్తున్నారా? ఏది నిజం, ఏది అఫ్వా

విమానం వెళ్లిన దారిలో ఆకాశం మీద పొడవాటి తెల్ల గీత కనిపిస్తుంది. దాన్ని ఎవరో వీడియో తీస్తారు. "ఇది పొగ కాదు, రసాయనం. దీనివల్లే నేల చచ్చిపోతోంది, కొబ్బరి మాడిపోతోంది" అని ఒక గొంతు వినిపిస్తుంది. రెండు రోజుల్లో ఆ వీడియో ఫ్యామిలీ గ్రూపులన్నీ తిరిగేస్తుంది. ఇంగ్లీషులో ఈ ప్రచారానికి 'కెమ్‌ట్రైల్స్' అని పేరు. తెలుగులో, ఉర్దూలో కూడా ఇప్పుడు ఇలాంటి ఫార్వర్డ్‌లు వస్తున్నాయి.

ఇందులో ఏది నిజమో, ఏది కాదో ఒక్కొక్కటిగా ఈ వ్యాసంలో చూద్దాం. చూసే చోటు అనకాపల్లి జిల్లా నక్కపల్లి మండలంలోని రాజయ్యపేట. సముద్రాన్ని నమ్ముకుని బతికే ఊరు అది. పక్కనే సుమారు 2,000 ఎకరాల్లో బల్క్ డ్రగ్ పార్క్ వస్తోంది. 2025 జనవరి 8న ప్రధాని విశాఖపట్నం నుంచి దానికి శంకుస్థాపన చేశారు. అదే ఏడాది మత్స్యకారులు దీక్షలకు కూర్చున్నారు, జాతీయ రహదారి మీదికి వచ్చారు. నీళ్లు, చేపలు, నేల ఏమవుతాయన్నదే వాళ్ల ప్రశ్న. ఇలాంటి చోట తప్పుడు ప్రచారం చేసే నష్టం మామూలుగా ఉండదు. అసలు ప్రశ్నను కూడా అది నవ్వులపాలు చేసేస్తుంది.

ప్రచారం 1: ఆ తెల్ల గీతలు రసాయనాలు

వాస్తవం: కాదు, అవి మంచు. విమానం ఇంజిన్‌లో ఇంధనం మండినప్పుడు నీటి ఆవిరి బయటికి వస్తుంది. పెద్ద విమానాలు 10 నుంచి 12 కిలోమీటర్ల ఎత్తులో వెళ్తాయి. అక్కడి గాలి మైనస్ 40 డిగ్రీల దగ్గర్లోనో, అంతకన్నా చల్లగానో ఉంటే ఆ ఆవిరి వెంటనే గడ్డకట్టి సన్నని మంచు రేణువులవుతుంది. చలికాలం పొద్దున్నే మన నోట్లోంచి ఆవిరి కనబడుతుంది కదా, అలాంటిదే ఇది.

"ఒక గీత వెంటనే పోతుంది, ఇంకోటి గంటసేపు ఉంటుంది, కాబట్టి రెండోది రసాయనమే" అనే వాదన కూడా ఉంది. తేడా అంతా గాలిలోని తేమది. పైన గాలి పొడిగా ఉంటే గీత నిమిషంలో కరిగిపోతుంది. తేమ ఎక్కువుంటే అలాగే ఉండి, వెడల్పుగా పరుచుకుని పల్చని మబ్బులా మారుతుంది. మన లాంటి వేడి ప్రాంతాల్లో అంత చలి దొరకాలంటే ఇంకాస్త పైకి వెళ్లాలి. అందుకే ఒకే రోజు ఒక విమానం వెనక తోక కనిపిస్తుంది, దాని కన్నా కింద వెళ్లేదాని వెనక కనిపించదు. ఇది కొత్త సంగతేమీ కాదు, రెండో ప్రపంచ యుద్ధం నాటి ఫొటోల్లోనే ఈ గీతలు ఉన్నాయి.

2016లో అమెరికా పరిశోధకులు కొందరు 77 మంది నిపుణులను దీని గురించి అడిగారు. వాళ్లు వాతావరణ రసాయన శాస్త్రం, నేల, నీళ్లలో పేరుకునే పదార్థాల మీద పనిచేసేవాళ్లు. రహస్యంగా చల్లుతున్నట్టు ఆధారమేమీ తమకు కనబడలేదని 76 మంది చెప్పారు.

ప్రచారం 2: విమానం లోపల డ్రమ్ములున్న ఫొటోలే సాక్ష్యం

వాస్తవం: సీట్లు లేని విమానంలో వరుసగా డ్రమ్ములు, వాటి మధ్య పైపులు. ఈ ఫొటో చాలామందిని నమ్మిస్తుంది. కొత్త విమానాన్ని పరీక్షించేటప్పుడు ప్రయాణికులుండరు. వాళ్ల బరువుకు బదులు నీళ్ల డ్రమ్ములు పెడతారు. గాల్లో ఉండగా నీళ్లను ముందుకీ వెనక్కీ పంపి, బరువు మారితే విమానం ఎలా నడుస్తుందో చూస్తారు. అందులో ఉండేది ఉత్త నీళ్లే.

ప్రచారం 3: మట్టి పరీక్షలో అల్యూమినియం, బేరియం దొరికాయి, అవి పైనుంచి పడినవే

వాస్తవం: మట్టిలో అల్యూమినియం దొరక్కపోతేనే ఆశ్చర్యపోవాలి. భూమి పైపొరలో బరువు ప్రకారం సుమారు 8 శాతం అల్యూమినియమే. ఆక్సిజన్, సిలికాన్ తర్వాత ఎక్కువున్న మూలకం అదే. బంకమట్టిలో అది సహజంగానే ఉంటుంది. బేరియం కూడా రాళ్లలో, మట్టిలో మామూలుగా ఉండేదే.

కొంచెం లెక్క వేసి చూద్దాం. ఒక ఎకరంలో పై 15 సెంటీమీటర్ల మట్టి బరువు దాదాపు 900 టన్నులు. ఇసుక నేలలో అల్యూమినియం తక్కువే ఉంటుంది కాబట్టి 5 శాతమే అనుకుందాం. అప్పుడు కూడా ఎకరానికి 45 టన్నుల అల్యూమినియం ముందునుంచే ఉన్నట్టు. దాన్ని ఒక్క శాతం పెంచాలంటే ఎకరానికి 450 కిలోలు చల్లాలి. 2,000 ఎకరాలకైతే 900 టన్నులు. మనం ఎక్కే మామూలు ఎయిర్‌బస్ విమానం మోసే సరుకు 20 టన్నుల లోపే. అంటే 45 విమానాల సరుకంతా ఆ 2,000 ఎకరాల మీదే పడాలి, గాలికి ఒక్క గ్రాము కూడా పక్కకు పోకూడదు.

కానీ గాలి అలా పోనివ్వదు. 10 మైక్రాన్ల సన్నని రేణువు నిశ్చలమైన గాలిలో సెకనుకు సుమారు 3 మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది. 10 కిలోమీటర్లు దిగడానికి నెల రోజులకు పైనే పడుతుంది. ఈలోపు గాలి దాన్ని వేల కిలోమీటర్లు తీసుకుపోతుంది. కాబట్టి ఆ ఎత్తు నుంచి ఒక ఊరినో ఒక తోటనో గురిపెట్టి చల్లడం కుదిరే పని కాదు.

ఇంకో విషయం గుర్తుంచుకోండి. 2015లో మొదలైన సాయిల్ హెల్త్ కార్డులో 12 అంశాలుంటాయి: నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింక్, ఇనుము, రాగి, మాంగనీస్, బోరాన్, ఉదజని సూచిక, లవణాల స్థాయి, సేంద్రియ కర్బనం. ఇందులో అల్యూమినియం లేదు, బేరియం లేదు. "మా సాయిల్ కార్డులో అల్యూమినియం ఎక్కువొచ్చింది" అని ఎవరైనా పంపితే ఆ కార్డు ఫొటో అడగండి.

అల్యూమినియం పంటకు చెడు చేసే సందర్భం ఒకటుంది. నేల బాగా ఆమ్లంగా మారి, ఉదజని సూచిక 5.5 కన్నా తగ్గితే, మట్టిలో ఉన్న అల్యూమినియమే కరిగి వేళ్లను దెబ్బతీస్తుంది. దానికి మందు సున్నం. అదీ పరీక్ష చేయించి, చెప్పిన మోతాదులోనే వేయాలి.

ప్రచారం 4: ఆకుల మీద తెల్ల పొడి, నల్ల మసి పడుతోంది

వాస్తవం: మీరు చూసింది నిజమే, కారణం మాత్రం వేరు. కొబ్బరి ఆకు అడుగున సుడులు సుడులుగా తెల్లటి మైనం, పైన నల్లటి మసి ఉంటే అది సర్పిలాకార తెల్లదోమ పని. మన దేశంలో దీన్ని 2016లో మొదట తమిళనాడులోని పొల్లాచ్చి ప్రాంతంలో గుర్తించారు. తర్వాత ఆంధ్రా కొబ్బరి తోటలకూ వచ్చింది. దోమ ఆకు రసం పీల్చి తేనెలాంటి జిగురు వదులుతుంది. ఆ జిగురు మీద బూజు పెరిగితే మసి పోసినట్టు అవుతుంది. ఆకు తిప్పి చూడండి, దోమలు కంటికే కనబడతాయి. ఇష్టం వచ్చినట్టు పురుగుమందు కొడితే దోమను తినే మిత్ర పురుగులు కూడా చచ్చి సమస్య పెరుగుతుంది.

పైనుంచి నిజంగానే ఏదో పడిన కథలూ ఉన్నాయి. 2001లో కేరళలో ఎర్ర వాన కురిసింది. పరీక్షిస్తే అది ఒక రకం నాచు బీజాలని తేలింది. 2002లో కోల్‌కతా దగ్గర సంగ్రామ్‌పూర్‌లో పచ్చటి చుక్కలు పడితే జనం రసాయన దాడి అని భయపడ్డారు. చివరికి చూస్తే అది పుప్పొడి నిండిన తేనెటీగల రెట్ట.

మరి ఆకాశం నుంచి ఎవరూ ఏమీ చల్లరా?

చల్లుతారు. ఈ ముక్క దాచిపెడితే మనం చెప్పింది ఎవరూ నమ్మరు. నిజంగా జరిగేవి ఇవి:

మేఘమథనం: 2004 తర్వాత కొన్నేళ్లు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అనంతపురం లాంటి కరువు ప్రాంతాల్లో విమానాలతో దీన్ని చేయించింది. చల్లటి మేఘాల్లో సిల్వర్ అయోడైడ్, వెచ్చటి మేఘాల్లో ఉప్పు లాంటి లవణాలు వాడతారు. ఒక్కో ఫ్లేర్‌లో ఉండే సిల్వర్ అయోడైడ్ గ్రాముల్లోనే ఉంటుంది. ఇది రహస్యంగా జరిగిందేమీ కాదు, పేపర్లలో వచ్చింది, అసెంబ్లీలో మాట్లాడుకున్నారు. దానివల్ల ఎంత వాన పెరుగుతుందన్న దాని మీదే వాదన నడిచింది. అదీ మేఘం ఉంటేనే పనిచేస్తుంది, లేని మేఘాన్ని పుట్టించలేదు.

డ్రోన్లు: 2020లో రాజస్థాన్ వైపు మిడతల దండు వచ్చినప్పుడు డ్రోన్లతో, హెలికాప్టర్‌తో మందు కొట్టారు. ఇప్పుడు 'నమో డ్రోన్ దీదీ' పథకం కింద మహిళా సంఘాలకు డ్రోన్లు ఇస్తున్నారు. ఇవి పంట మీద రెండు మూడు మీటర్ల ఎత్తులో ఎగురుతాయి. గాలి వేగంగా ఉంటే మందు పక్క పొలంలోకి, చెరువులోకి, ఆడుకునే పిల్లల మీదికి కొట్టుకొచ్చే ప్రమాదం నిజమే.

సూర్యకాంతిని తగ్గించే ఆలోచన: 1991లో ఫిలిప్పీన్స్‌లో పినటుబో అగ్నిపర్వతం పేలినప్పుడు పైకెళ్లిన గంధకం వల్ల భూమి తాత్కాలికంగా అర డిగ్రీ వరకు చల్లబడింది. అలా మనుషులే చేస్తే ఎలా ఉంటుందని శాస్త్రవేత్తలు చర్చిస్తున్నారు. హార్వర్డ్ యూనివర్సిటీ అనుకున్న చిన్న ప్రయోగాన్ని కూడా 2024లో ఆపేసుకుంది. చర్చ జరుగుతోంది అనే మాటను "మన ఊరి మీద చల్లేస్తున్నారు" అని మార్చితే అది అఫ్వా అవుతుంది.

కాసర్‌గోడ్: అఫ్వా కాదు, నిరూపణ అయిన నిజం

ఆకాశం నుంచి చల్లిన మందు ఊళ్లకు ఊళ్లనే దెబ్బతీసిన కథ మన దేశంలోనే ఉంది. కేరళ కాసర్‌గోడ్ జిల్లాలో ప్రభుత్వ ప్లాంటేషన్ కార్పొరేషన్ జీడిమామిడి తోటల మీద 1970ల చివరి నుంచి 2000 దాకా హెలికాప్టర్లతో ఎండోసల్ఫాన్ చల్లించింది. తోటల మధ్యే ఇళ్లు, మూత లేని బావులు. పిల్లలు పుట్టు లోపాలతో పుట్టారు, నరాల జబ్బులు వచ్చాయి.

అక్కడి వాళ్లు ఏం చేశారో గమనించండి. మందు పేరు, చల్లిన సంస్థ పేరు పట్టుకున్నారు. ఊరి డాక్టర్లు జబ్బుల లెక్క రాశారు. వ్యవసాయ శాఖలో పనిచేసే లీలాకుమారి అమ్మ అనే మహిళ కోర్టుకెళ్లారు. అహ్మదాబాద్‌లోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ అక్కడి పిల్లల మీద పరిశోధన చేసింది. 2011 మే 13న సుప్రీంకోర్టు దేశమంతా ఎండోసల్ఫాన్‌ను ఆపింది. 2017 జనవరి 10న బాధితులకు 5 లక్షల చొప్పున ఇవ్వాలని చెప్పింది. కోర్టులో నిలిచింది పేరు, తేదీ, రక్తం రిపోర్టు. ఆకాశంలో గీతల వీడియోకు ఆ బలం లేదు.

అనుమానం ఎందుకు పుడుతుంది?

ఈ జిల్లాల్లో జనం ఊరికే భయపడటం లేదు. 2020 మే 7న విశాఖలో ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ గ్యాస్ లీకై 12 మంది చనిపోయారు. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లో ఫార్మా కంపెనీ పేలుడులో 17 మంది పోయారు. ముందు చెప్పేవాళ్లు లేకపోతే జనం ఎవరు చెప్పినా నమ్ముతారు. ఆ ఖాళీలోకే ఫార్వర్డ్ వస్తుంది.

కానీ అఫ్వా ఎవరికి పనికొస్తుంది? రాజయ్యపేట జాలరి "పైపులో సముద్రంలోకి ఏం వదులుతారు?" అని అడిగితే అధికారి జవాబు చెప్పాలి. "విమానం మందు చల్లుతోంది" అంటే నవ్వి పంపించేస్తారు, ఆ నవ్వులో మొదటి ప్రశ్న కూడా కొట్టుకుపోతుంది. 2020 లాక్‌డౌన్‌లో "రాత్రికి హెలికాప్టర్లు కరోనా మందు చల్లుతాయి" అని వచ్చిన మెసేజ్ అబద్ధమని ప్రభుత్వం చెప్పాల్సొచ్చింది. అదే రోజుల్లో కరోనాను ముస్లింలే వ్యాపింపజేస్తున్నారనే ప్రచారం వల్ల మన పండ్ల బండ్లవాళ్లు ఎన్ని మాటలు పడ్డారో మనకు తెలుసు. తహకీక్ లేకుండా ఫార్వర్డ్ చేస్తే ఏమవుతుందో మనకు వేరేవాళ్లు చెప్పక్కర్లేదు.

పంటకో, నీళ్లకో తేడా కనిపిస్తే ఏం చేయాలి?

1. ఆకు, కాయ, మట్టి ఫొటో తీయండి. తేదీ, టైమ్, గాలి ఎటు వీస్తోందో రాసుకోండి. ఆకు రెండు వైపులా తీయాలి.

2. రైతు సేవా కేంద్రంలో చూపించండి. కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కి ఫ్రీగా ఫోన్ చేయొచ్చు. అనకాపల్లిలోనే ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానం ఉంది.

3. మట్టి నమూనా పొలంలో నాలుగైదు చోట్ల నుంచి తీసి కలపండి. ఎరువు కుప్ప దగ్గర, గట్టు పక్కన తీయొద్దు.

4. డ్రోన్‌తో మందు కొడుతుంటే అడిగే హక్కు మీకుంది. 1971 క్రిమిసంహారక మందుల నిబంధనల ప్రకారం గాలి నుంచి మందు చల్లే ముందు కనీసం 24 గంటల ముందే జనానికి తెలియజేయాలి. సంబంధం లేని మనుషులను, పశువులను అటు రానివ్వకూడదు.

5. బావి నీళ్ల రంగు, వాసన మారినా, చేపలు చచ్చి తేలినా కాలుష్య నియంత్రణ మండలికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. ఫ్యాక్టరీ అనుమతుల్లో ఏం షరతులున్నాయో సమాచార హక్కు చట్టం కింద అడగొచ్చు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

6. మందు ఒంటి మీద పడితే బట్టలు మార్చి, సబ్బుతో కడుక్కుని ఆస్పత్రికి వెళ్లండి. మందు డబ్బాని, లేదా దాని లేబుల్ ఫొటోని వెంట తీసుకెళ్తే డాక్టర్‌కు సగం పని తగ్గుతుంది.

ఇక ఫార్వర్డ్ వచ్చినప్పుడు మూడే ప్రశ్నలు వేసుకోండి. ఏ పదార్థం? ఎవరు చల్లారు? ఏ ల్యాబ్‌లో, ఏ తేదీన తేలింది? మూడింటికీ జవాబుంటే అది వార్త, ఫిర్యాదు రాయండి. ఒక్కదానికీ లేకపోతే దాన్ని మీ ఫోన్‌లోనే ఆపేయండి. పంపినవాళ్లు పెద్దవాళ్లైతే గ్రూపులో అందరి ముందూ కాదు, విడిగా ఫోన్ చేసి చెప్పండి.