విదేశీ విరాళం, స్వదేశీ పునాది

కమ్యూనిస్టు పాలనలోని తూర్పు ఐరోపాలో అక్షరాన్ని రెండు కాపీలు చేయగల ఏ యంత్రమైనా రాజ్యం కంటికి అనుమానాస్పదమే. రుమేనియాలో చౌషెస్కు ప్రభుత్వం 1983లో టైపురైటర్లను కూడా పోలీసుల దగ్గర నమోదు చేయించాలని శాసించింది. ఆ మరుసటి ఏడాదే పక్కనున్న హంగరీలో ఒక విచిత్రమైన ఒప్పందం కుదిరింది. బుడాపెస్ట్‌లో పుట్టి, నాజీల చేతికి చిక్కకుండా బతికి బయటపడి, అమెరికాలో షేర్లు, కరెన్సీల వ్యాపారంలో కోట్లు గడించిన జార్జ్ సోరోస్, హంగరీ సైన్స్ అకాడమీతో కలిసి ఒక ఫౌండేషన్ పెట్టాడు. దాని తొలి పనుల్లో బాగా పేరొచ్చినది గ్రంథాలయాలకు, విద్యాసంస్థలకు జిరాక్స్ మెషీన్లు తెప్పించడం. ఆ సంస్థల దగ్గర డాలర్లు లేవు, ఫోరింట్లు ఉన్నాయి. మెషీన్లను ఫౌండేషన్ డాలర్లతో కొని, వాటికి ఫోరింట్లలో సొమ్ము తీసుకుంది. ఆ ఫోరింట్లనే మళ్ళీ రచయితలకు, పరిశోధకులకు, చిన్న సంఘాలకు గ్రాంట్లుగా పంచింది. ఏ కాగితం కాపీ తీయాలో చెప్పే పని దాత పెట్టుకోలేదు, చూసే ఓపిక ప్రభుత్వానికి లేకపోయింది. తర్వాతి నలభై ఏళ్ళలో ఈ ప్రాంతానికి చేరిన విరాళాల చరిత్రను తరచి చూస్తే తేలేది ఇదే: సాధనాన్ని స్థానికుల చేతిలో పెట్టి పక్కకు తప్పుకున్న చోట దాతృత్వం ఫలించింది, స్థానికుల మద్దతుకు బదులుగా తానే నిలబడాలని చూసిన చోట చతికిలపడింది.

సోరోస్ కంటే ముందే ఈ దారి పడింది. 1975లో సోవియట్ యూనియన్‌తో సహా 35 దేశాలు హెల్సింకీలో ఒక అంగీకార పత్రం మీద సంతకాలు చేశాయి. సరిహద్దులకు గుర్తింపు దొరికిందని మాస్కో సంబరపడింది. అందులోని మానవ హక్కుల వాక్యాలను మాత్రం అక్కడి పౌరులే సీరియస్‌గా తీసుకున్నారు. 1976లో మాస్కోలో యూరీ ఓర్లోవ్ బృందం, అదే ఏడు పోలండ్‌లో కార్మికుల రక్షణ సంఘం, 1977 జనవరిలో చెకోస్లొవాకియాలో చార్టర్ 77 పుట్టాయి. డబ్బు వీటి వెనుక వచ్చింది, ముందు రాలేదు. న్యూయార్క్‌లో 1978లో ఫోర్డ్ ఫౌండేషన్ సాయంతో మొదలైన హెల్సింకీ వాచ్ ఈ బృందాల గొంతును బయటి ప్రపంచానికి వినిపించింది. అదే తర్వాత హ్యూమన్ రైట్స్ వాచ్ అయింది. ఆక్స్‌ఫర్డ్ అధ్యాపకులు 1980లో యాన్ హుస్ పేరిట ఒక ఫౌండేషన్ పెట్టి, ప్రాగ్‌లోని అపార్ట్‌మెంట్లలో రహస్యంగా జరిగే తత్త్వశాస్త్ర తరగతులకు పుస్తకాలను, ఉపన్యాసకులను పంపారు. అలాంటి తరగతికి వెళ్ళిన ఫ్రెంచి తత్త్వవేత్త జాక్ దెరిదా మీద 1981 చివర అక్కడి పోలీసులు మాదకద్రవ్యాల కేసు బనాయించారు. ఇక్కడ ఖర్చయినది చిన్న మొత్తమే. ఏం కావాలో నిర్ణయించినది మాత్రం లోపలివాళ్ళు.

1989లో కమ్యూనిస్టు ప్రభుత్వాలు కూలిన తర్వాత వాగు ఏరైంది. సోరోస్ నిధులతో వార్సాలో బాతొరి ఫౌండేషన్ 1988లోనే మొదలైంది, 1990లో కీవ్‌లో రెనెసాన్స్ ఫౌండేషన్ వచ్చింది, 1991లో సెంట్రల్ యూరోపియన్ యూనివర్సిటీ ఏర్పడింది. జీతాలు అందక అల్లాడుతున్న మాజీ సోవియట్ శాస్త్రవేత్తల కోసం సోరోస్ 1992లో 10 కోట్ల డాలర్లు ప్రకటించాడు. వేలాది మందికి తలా 500 డాలర్ల అత్యవసర సాయం అందింది, గ్రంథాలయాలకు పరిశోధన పత్రికలు చేరాయి. ఫోర్డ్, మెక్‌ఆర్థర్, మాట్ వంటి అమెరికన్ ఫౌండేషన్లు, వాటితోపాటు పాశ్చాత్య ప్రభుత్వాల నిధులూ వచ్చి పడ్డాయి. మంచి ఫలితాలూ ఉన్నాయి. స్లొవాకియాలో ప్రధాని మెచియర్ నిరంకుశ ధోరణికి విసిగిన పౌర సంఘాలు 1998లో ఓటర్లను కదిలించే ప్రచారం నడిపాయి. ఏ పార్టీకి ఓటెయ్యాలో చెప్పకుండా, వెళ్ళి ఓటెయ్యండని ఊరూరా తిరిగాయి. దాదాపు 84 శాతం పోలింగ్ జరిగింది, మెచియర్ అధికారం పోయింది. విరాళాలు బస్సులకు, కరపత్రాలకు, పాటల కచేరీలకు పనికొచ్చాయి. ఓటు మాత్రం స్లొవాక్‌ల సొంతం.

అయితే డబ్బు పెరిగిన కొద్దీ దాని నడక మారింది. ఏడాదికో ప్రాజెక్టు, ఇంగ్లిష్‌లో దరఖాస్తు, మూణ్ణెల్లకో నివేదిక, కొలిచి చూపించగల ఫలితం. ఈ కొలతలకు సరిపడే సంఘాలు రాజధానుల్లో పుట్టుకొచ్చాయి. వాటిలో నిజాయతీకి లోటు లేదు, సభ్యులకే లోటు. పక్క ఊళ్ళో చందా ఇచ్చేవాడి కంటే న్యూయార్క్‌లోనో బ్రస్సెల్స్‌లోనో ఫైలు చూసే అధికారికి జవాబు చెప్పుకోవడమే వాటికి ప్రాణావసరమైంది. ఈ లోపాన్ని దాతలు గుర్తించకపోలేదు. స్లొవాకియాలోని బాన్‌స్కా బిస్త్రిత్సాలో 1994లో ఊరివాళ్ళే ఇచ్చి ఊరివాళ్ళే పంచుకునే, ఈ ప్రాంతపు తొలి కమ్యూనిటీ ఫౌండేషన్ వెలిసింది. ఆదాయపు పన్నులో ఒక శాతాన్ని తమకు నచ్చిన సంస్థకు మళ్ళించే హక్కును హంగరీ 1996 చట్టంతో పౌరులకు ఇచ్చింది, పోలండ్ తర్వాత అందుకుంది. కొన్ని అమెరికన్ ఫౌండేషన్లు 2001లో కలిసి, ఫలానా నాటికి మూసేస్తామని ముందే చెప్పి ఒక ట్రస్టు పెట్టాయి. 2012లో అన్నమాట ప్రకారం మూసేశాయి కూడా. కానీ పన్ను మళ్ళింపు జేబులోంచి తీసి ఇచ్చే దానం కాదు. పైగా ఆ శాతం జబ్బుపడ్డ పిల్లల ట్రస్టులకు పోయినంత సులువుగా ఖైదీల హక్కుల సంఘానికో, రోమా తెగల తరఫున వాదించే వకీళ్ళకో పోదు. 2004 మే 1న ఎనిమిది మాజీ కమ్యూనిస్టు దేశాలు యూరోపియన్ యూనియన్‌లో చేరగానే, పని అయిపోయిందన్న ధీమాతో చాలామంది దాతలు సర్దుకున్నారు. స్థానిక పునాది ఇంకా తడారకముందే సెంట్రింగ్ విప్పేసినట్టయింది.

దెబ్బ పడ్డాక ఆ పచ్చిదనం బయటపడింది. రష్యా 2012లో ‘విదేశీ ఏజెంట్ల’ చట్టం తెచ్చింది, 2015లో ‘అవాంఛనీయ సంస్థల’ చట్టం తెచ్చింది, ఆ ఏడాదే సోరోస్ సంస్థలను నిషేధించింది. స్టాలిన్ నాటి బాధితుల చరిత్రను భద్రపరిచిన మెమోరియల్ సంస్థను 2021 డిసెంబరులో కోర్టు రద్దు చేసింది. మరుసటి ఏడాది దానికి నోబెల్ శాంతి బహుమతి దక్కింది. హంగరీలో 2014లో నార్వే నిధులు పంచుతున్న సంస్థ మీద పోలీసు దాడి జరిగింది, 2017లో సెంట్రల్ యూరోపియన్ యూనివర్సిటీని గురిపెట్టి చట్టం వచ్చింది, 2018లో సోరోస్ ఫౌండేషన్ బుడాపెస్ట్ కార్యాలయం బెర్లిన్‌కు తరలింది. యూరోపియన్ యూనియన్ కోర్టు 2020లో ఆ చట్టాన్ని తప్పుపట్టేనాటికి యూనివర్సిటీ వియన్నా చేరిపోయింది. ఈ చట్టం తెచ్చిన అప్పటి ప్రధాని విక్టర్ ఒర్బాన్ 1989లో సోరోస్ స్కాలర్‌షిప్ మీదే ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకున్నాడు.

ఎవరి బండెక్కితే వారి పాట పాడాలన్న సామెత ఉండనే ఉంది, మరి పరాయి సొమ్ముతో నడిచే సంఘం పరాయి మాటే కదా చెబుతుందని ఒక అభ్యంతరం. ప్రశ్న న్యాయమైనదే, లెక్కలు బయట పెట్టమనడమూ న్యాయమే. మన దేశంలో విదేశీ విరాళాల నియంత్రణ చట్టం ఎమర్జెన్సీ రోజుల్లో, 1976లో వచ్చింది. అప్పటి నుంచీ ఈ చర్చ మనకూ తెలిసిందే. కానీ రష్యా ఉదాహరణ చూడండి. టెలికాం వ్యాపారి ద్మీత్రి జీమిన్ తన సొంత సంపాదనతో పెట్టిన డైనాస్టీ ఫౌండేషన్ యువ భౌతికశాస్త్రవేత్తలకు గ్రాంట్లిచ్చేది, విజ్ఞాన గ్రంథాలు వేయించేది. ఆ సొమ్ము విదేశీ ఖాతాల నుంచి వచ్చిందన్న పేరుతో 2015లో దానికీ ‘విదేశీ ఏజెంట్’ ముద్ర పడింది, ఆయన దాన్ని మూసేశాడు. రష్యన్ ఇచ్చిన డబ్బూ విదేశీదే అయినప్పుడు, ఆ చట్టం అసలు గురి డబ్బు మీద కాదు, ప్రభుత్వం అదుపులో లేని దాతృత్వం మీద.

1989 నాటి విప్లవాలన్నీ డాలర్లతో కొన్నవేనని రెండో వాదన. పోలండ్‌లో సాలిడారిటీ సంఘం 1980లో పుట్టి ఏడాది తిరిగేలోగా కోటిమందికి చేరువగా సభ్యులను కూడగట్టింది. అంతమందిని కొనగల దాత ఎవరూ లేరు. 1981 డిసెంబరులో సైనిక పాలన విధించాక, అజ్ఞాతంలోని ఆ ఉద్యమానికి అచ్చు యంత్రాలు, కాగితం, ఇంకు చేర్చడంలోనే విదేశీ సాయం విలువంతా ఉంది. మూడో అభ్యంతరం అన్నిటికంటే బలమైనది: సోరోస్ ఫౌండేషన్ అందరికంటే ముందు వెలిసిన హంగరీయే ఎందుకు వెనక్కి నడిచింది? కారణాలు అనేకం. 2008 ఆర్థిక సంక్షోభం ఒకటి, 2010లో ఒకే కూటమికి దక్కిన మూడింట రెండొంతుల మెజారిటీ మరొకటి. వాటన్నిటి మధ్య దాతలు జవాబు చెప్పుకోవాల్సిన అంశమూ ఉంది. 2017లో యూనివర్సిటీ కోసం బుడాపెస్ట్ వీధుల్లోకి వేలాదిమంది వచ్చారు, పల్లెల్లో, చిన్న పట్టణాల్లో ఆ గొడవ తమది అనుకున్నవారు తక్కువ. మేధావులను తయారుచేసుకోవడానికి పెట్టిన శ్రద్ధ, వాళ్ళకు పొరుగువాళ్ళను సంపాదించి పెట్టడానికి పెట్టలేదు.

2025లో అమెరికా ప్రభుత్వం తన సాయ సంస్థ యూఎస్ఎయిడ్‌నే మూసేసింది. దాని నిధుల మీద ఆధారపడ్డ పత్రికలు, హక్కుల సంఘాలు ఒక్కసారిగా రోడ్డున పడ్డాయి. శత్రువు నిషేధించినా, దాత మనసు మార్చుకున్నా ఫలితం ఒకటే. విదేశీ విరాళం తప్పు కాదు. నియంతృత్వం కింద, తొలి అడుగు వేసేవారికి అది అక్షరాలా ఊపిరి. కానీ హక్కుల సంఘాన్ని పదికాలాల పాటు నిలబెట్టేది ఆ దేశపు పౌరుడు నెలనెలా ఇచ్చే చిన్న చందా. ఆ అలవాటు నేర్పకుండా వెళ్ళిపోయిన దాత ఎంత ఇచ్చినా పని సగమే చేసినట్టు.