వంద డాలర్లు వద్దన్న రైటర్: 'హాంకీ టాంక్ హీరోస్' వెనక కథ

ముందు ఒక చిన్న ప్రశ్న. ఈ నెలలో మీరు రిపీట్‌లో ఎక్కువగా విన్న పాట ఒకటి గుర్తు తెచ్చుకోండి. పాడింది ఎవరో టక్కున చెప్పేస్తారు. మరి రాసింది ఎవరు? చాలామందికి తెలీదు. నేనూ అంతే. ఆ పేరు కావాలంటే యాప్‌లో మూడు చుక్కలు నొక్కి క్రెడిట్స్ లోపలికి వెళ్ళాలి, అంత ఓపిక ఎవరికుంది చెప్పండి.

1973లో అమెరికాలో ఒక కంట్రీ స్టార్, పెద్దగా ఎవరికీ తెలియని ఒక రైటర్‌ని నమ్మి దాదాపు ఒక ఆల్బమ్ మొత్తం అతని పాటలతోనే నింపేశాడు. స్టార్ పేరు వేలాన్ జెన్నింగ్స్. రైటర్ పేరు బిల్లీ జో షేవర్. ఆల్బమ్ పేరు 'హాంకీ టాంక్ హీరోస్'. హాంకీ టాంక్ అంటే కూలీనాలీ చేసుకునేవాళ్ళు సాయంత్రం వెళ్ళి తాగి, డాన్స్ చేసే చవక బార్. మొత్తం పది పాటలు. ఒక్కటి తప్ప మిగతా తొమ్మిదిలో షేవర్ పేరుంది. కొన్ని ఒక్కడే రాశాడు, కొన్ని వేరేవాళ్ళతో కలిసి రాశాడు.

ఇంతకీ ఎవరీ షేవర్? 1939లో టెక్సస్‌లోని కోర్సికానాలో పుట్టాడు. పుట్టకముందే తండ్రి వదిలేసి వెళ్ళిపోయాడు. తల్లి వేకో ఊళ్ళో ఒక హాంకీ టాంక్‌లో పనిచేసేది. పెంచింది నానమ్మో అమ్మమ్మో కాదు, పేదరికం అనాలి; ముసలావిడ పెన్షన్ మీదే ఇల్లు నడిచింది. ఎనిమిదో తరగతితో చదువు ఆగిపోయింది. తర్వాత నేవీ. తర్వాత కలప కోసే మిల్లులో పని. అక్కడే మెషిన్‌లో కుడి చేయి పడి రెండు వేళ్ళు చాలావరకు తెగిపోయాయి. మిగిలిన వేళ్ళతోనే గిటార్ మళ్ళీ మొదటినుంచి నేర్చుకున్నాడు.

లాస్ ఏంజెలస్ వెళ్దామని రోడ్డు మీద నిలబడితే ఒక్క బండీ ఆగలేదట. విసుగొచ్చి రోడ్డు దాటి అవతలి వైపు నిలబడ్డాడు. దొరికిన లిఫ్ట్ మెంఫిస్ దాకా తీసుకెళ్ళింది. అక్కడినుంచి నాష్‌విల్. ఇది షేవర్ స్వయంగా చెప్పుకున్న కథ. నాష్‌విల్‌లో బాబీ బేర్ అనే సింగర్ దగ్గర వారానికి 50 డాలర్లకి పాటలు రాసే పని దొరికింది.

ఇక్కడ అప్పటి సిస్టమ్ కొంచెం అర్థం చేసుకోవాలి. నాష్‌విల్‌లో సింగర్ దాదాపు ఒక ఉద్యోగి. ఏ పాట పాడాలో, ఎవరు వాయించాలో, చివరి మిక్స్ ఎలా ఉండాలో కంపెనీ ప్రొడ్యూసరే చెప్పేవాడు. వేలాన్‌కి సొంత బ్యాండ్ ఉంది, పేరు ద వేలర్స్. స్టేజి మీద వాళ్ళే. స్టూడియోలో మాత్రం కంపెనీ పెట్టిన మ్యూజిషియన్లు. ఆ కంపెనీ ఆర్‌సీఏ. 1972లో వేలాన్ హెపటైటిస్‌తో ఆస్పత్రి పాలయ్యాడు, అప్పులు కూడా ఉన్నాయి. ఆ టైమ్‌లో నీల్ రెషెన్ అనే న్యూయార్క్ మేనేజర్ వచ్చి ఆర్‌సీఏతో కొత్త కాంట్రాక్ట్ కుదిర్చాడు. పాటలు, బ్యాండ్ ఎంచుకునే హక్కు వేలాన్ చేతికి వచ్చింది.

అదే ఏడాది మార్చిలో ఆస్టిన్ దగ్గర డ్రిప్పింగ్ స్ప్రింగ్స్‌లో ఒక పెద్ద మ్యూజిక్ మేళా. స్టేజి వెనకాల షేవర్ 'విల్లీ ద వాండరింగ్ జిప్సీ అండ్ మి' పాడుతుంటే వేలాన్ విన్నాడు. ఇలాంటివి ఇంకా ఉన్నాయా, నాష్‌విల్ రా, అన్నీ రికార్డ్ చేస్తా అన్నాడు. షేవర్ నమ్మాడు. నెలల తరబడి వేలాన్ వెంట తిరిగాడు. ఆయన ఫోన్ ఎత్తడు, దొరకడు.

చివరికి ఒకరోజు షేవర్ స్టూడియోకే వచ్చేశాడు. వేలాన్ మనిషి చేత వంద డాలర్లు పంపి, తీసుకుని వెళ్ళిపొమ్మన్నాడు. వారానికి 50 డాలర్లు వచ్చే మనిషికి అది రెండు వారాల జీతం. షేవర్ ఆ నోటు వెనక్కి పంపేశాడు. నా పాటలు వినకపోతే ఇక్కడే అందరి ముందు నిన్ను కొడతా అన్నాడు. వేలాన్ పక్క గదిలోకి తీసుకెళ్ళి షరతు పెట్టాడు: ఒక పాట పాడు, నచ్చితే ఇంకోటి వింటా, నచ్చకపోతే మళ్ళీ కనపడొద్దు. షేవర్ ఒకటి పాడాడు. ఇంకోటి పాడాడు. అలా పాడుతూనే ఉన్నాడు.

మనం ఈ కథని హీరోయిజం సీన్‌లా చూస్తాం. నాకు మాత్రం అందులో లెక్క కనిపిస్తుంది. అమెరికాలో పాట రేడియోలో వస్తే డబ్బు రాసినవాళ్ళకీ పబ్లిషర్‌కీ వెళ్తుంది, పాడినవాళ్ళకి రాదు. అంటే స్టార్ ఆల్బమ్‌లో ఒక పాట పడటమే రైటర్‌కి అన్నం. వంద డాలర్లు తీసుకుని ఉంటే ఆ రోజుతో అయిపోయేది. ఇంకో విషయం. మార్చిలో మాట ఇచ్చినప్పుడు దాన్ని నిలబెట్టుకునే అధికారం వేలాన్ దగ్గర పూర్తిగా లేదు. కాంట్రాక్ట్ తర్వాతే వచ్చింది. తప్పించుకు తిరగడం తప్పే, కాదనను. కానీ చేతిలో అధికారం లేనివాడి మాటకి విలువ ఎంత ఉంటుందో ఇది చూపిస్తుంది.

ఇది నాకు ఎందుకు గుచ్చుకుంటుందో చెప్తా. బీటెక్ అయ్యాక చేసిన ఉద్యోగంలో మూడు నెలలు కూర్చుని ఒక మాడ్యూల్ రాశా. క్లయింట్ డెమో రోజు స్లైడ్ మీద వేరే పేరు. నేను వెనక కుర్చీలో కూర్చుని చప్పట్లు కొట్టా. నాకు ఎవరూ వంద డాలర్లు కూడా ఇవ్వలేదు, నేనే ఫ్రీగా ఊరుకున్నా.

ఆల్బమ్ 1973 జులైలో వచ్చింది. నంబర్ వన్ ఏమీ కాలేదు. కానీ 'ఔట్‌లా కంట్రీ' అనే ధోరణికి దారి వేసిన రికార్డుల్లో దీన్ని ముందు చెప్తారు. మూడేళ్ళకి, వేలాన్ కూడా ఉన్న 'వాంటెడ్! ది ఔట్‌లాస్' ప్లాటినం సర్టిఫికేట్ అందుకున్న మొదటి కంట్రీ ఆల్బమ్ అయింది. షేవర్ మొదటి సొంత ఆల్బమ్ కూడా 1973లోనే వచ్చింది. దాన్ని ప్రొడ్యూస్ చేసింది క్రిస్ క్రిస్టాఫర్సన్. వేలాన్ 2002లో పోయాడు, షేవర్ 2020లో, 81 ఏళ్ళ వయసులో, వేకోలోనే.

కవర్ మీద పెద్దగా కనిపించేది వేలాన్ పేరే. కానీ ఆ పాటల్లో ఉన్న బతుకు, ఆ బార్, ఆ రోడ్లు షేవర్‌వి. ఒకడికి గొంతు, పేరు ఉన్నాయి. ఇంకొకడికి చెప్పాల్సిన మాట ఉంది. ఇద్దరూ ఒక గదిలో కూర్చోవడానికి గొడవ పడాల్సి వచ్చింది, అంతే.

ఈ వీడియో అయ్యాక ఒక పని చేయండి. మొదట్లో అనుకున్న మీ పాట ఓపెన్ చేసి, మూడు చుక్కలు నొక్కి, రాసినవాళ్ళ పేరు చూసి కామెంట్‌లో పెట్టండి. పాడినవాళ్ళ పేరు వద్దు, అది మనందరికీ తెలుసు. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.