గ్యాస్ లీక్ రిపేర్ అయ్యిందా? స్టవ్ వెలిగించే ముందు ఇవి చూడండి!

గ్యాస్ వాసన వస్తే లైట్, ఎగ్జాస్ట్ ఫ్యాన్ స్విచ్‌ల జోలికి అస్సలు వెళ్లొద్దు. చిన్న నిప్పురవ్వ చాలు, మంటలు అంటుకోవడానికి. రెగ్యులేటర్ ఆపి, తలుపులు, కిటికీలు తెరిచి అందరూ బయటకు వచ్చేయండి. ఎల్‌పీజీ అయితే బయటి నుంచే 1906కి కాల్ చేయండి. ఎల్‌పీజీ గాలికంటే బరువు, నేల మీదే పేరుకుంటుంది. పైపుల్లో వచ్చే పీఎన్‌జీ తేలిక, సీలింగ్ వైపు చేరుతుంది.

రిపేర్ అయ్యాక జాయింట్లకు సబ్బునీళ్లు రాయించండి. బుడగలొస్తే లీక్ ఇంకా ఉన్నట్టే. అగ్గిపుల్లతో మాత్రం చెక్ చేయొద్దు.

అపార్ట్‌మెంట్‌లో పైప్‌లైన్ ఆపితే ఇంకో రిస్క్ ఉంది. వెలుగుతున్న స్టవ్ ఆరిపోతుంది, నాబ్ మాత్రం ఆన్‌లోనే ఉండిపోతుంది. సప్లై రాగానే ఆ ఇంట్లో గ్యాస్ నిండిపోతుంది. అందుకే ముందు ప్రతి ఫ్లాట్‌లో నాబ్‌లు చూడాలి. తాళం వేసిన ఫ్లాట్‌కు వాల్వ్ మూసే ఉంచాలి.